నేల మీద దాణా

పెరంబూరు, మద్రాసు
12 ఆగస్టు 1959

చెల్లెలు ఎలిశబెతుకు అన్న దఫేదారు సమాధానం రాసేది,

క్షేమంగా ఇల్లు చేరాను. మీ వదిన జయశీల, పిల్లలు బాగానే ఉన్నారు. నేనే బాగాలేను. నీ గుర్రపుసాలలో వారం రోజులు ఉండి వచ్చినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

బావ జయకుమార్ మంచివాడే, కాదనను. కానీ జట్కావాళ్ళకు గుర్రాలు పెంచి అమ్ముతానని మైపాడు సముద్రపు ఒడ్డున, సరుగుడు తోపు పక్కన గుర్రపుసాల కట్టిన మనిషిని ఏమనాలి? అదీ నెల్లూరులో ఏ సందులో చూసినా బస్సు హారను మోగుతున్న రోజుల్లో! ఆయన పోయి ఏడాదయింది. నీకు మిగిలినవి మూడు గుర్రాలు. నయోమి, సౌలు, రూతు. బైబిలంతా వెతికి పేర్లు పెట్టిన శ్రద్ధలో సగం మేత మీద పెట్టి ఉంటే అవి ఈపాటికి గుర్రాల్లా కనపడేవి.

మన ఒప్పందం మరిచిపోకు. ఈస్టరు దాకా గడువిచ్చాను. అప్పటికి గుర్రాలు నిగనిగలాడుతూ ఉండి, చూలుతో ఉన్న రూతు సుఖంగా ఈనితే నీ ఇష్టం, అక్కడే ఉండు. లేదంటే మీ సరుగుడు తోటను ఎవరికైనా అప్పగించి మద్రాసు వచ్చెయ్యి. మా వెనక గది ఖాళీగానే ఉంది. జయశీలకు వంటింట్లో చేయిసాయం కావాలి.

ఇరవై ఆరేళ్ళు పటాలంలో గుర్రాల దఫేదారుగా చేసినవాణ్ణి. దొర కూడా నన్నడిగి గాని రికాబులో కాలు పెట్టేవాడు కాదు. కాబట్టి చెప్పినట్టు చెయ్యి. ముందు నీళ్ళు, తరవాత దాణా. ఉలవలు ఉడికించి చల్లారాక పెట్టాలి. మూడు పూటలా గడియారం చూసి పెట్టాలి. డెక్కల్లో ఇరుక్కున్న మట్టి రోజూ గీకి తీయాలి. మాలీసు చేసేటప్పుడు చేతికి చెమట పట్టాలి.

ఇక ఆ ముత్యాలయ్య. చేపలు పట్టుకునే మనిషి బావకు గుర్రాల కాపరిగా ఎక్కడ దొరికాడే? మాను తొలిచిన పాత దోనె, అదీ పగిలింది, ఈడ్చుకొచ్చి సాలలో పడేసి అందులో దాణా పోస్తాడా! గుర్రాన్ని మేపుతున్నాడా, సముద్రంలోకి పంపుతున్నాడా? గుర్రం తల దించి నేల మీద తినే జంతువు. దేవుడు మెడ అంత పొడుగ్గా ఇచ్చింది అందుకే. పటాలంలో మేము నేల ఊడ్చి, నీళ్ళు చల్లి, శుభ్రంగా నేల మీదే పోసేవాళ్ళం. ఒక్క గుర్రానికీ ఒక్కనాడూ దగ్గు రాలేదు. ఆ దోనెను పగలగొట్టి పొయ్యిలో పెట్టు. కనీసం నీకు పులుసన్నా ఉడుకుతుంది.

నీ మేలు కోరే
సమాధానం


మైపాడు
2 సెప్టెంబరు 1959

అన్నా,

నీ ఉత్తరం అందింది. చదువుతుంటే పటాలంలో గుర్రాల కంటే నువ్వే ఎక్కువ సకిలించేవాడివేమో అనిపించింది. కోప్పడకు. చెప్పినవన్నీ చేస్తున్నాను. గోడ గడియారం తీసుకెళ్ళి సాలలో తగిలించాను. అది కొట్టినప్పుడల్లా సౌలు ఉలిక్కిపడుతోంది.

దోనె కూడా పగలగొట్టించాను. ముత్యాలయ్య గొడ్డలికి అడ్డం నిలబడ్డాడు. “దోనె మా నాయినదమ్మా. ముప్పై ఏండ్లు సముద్రంలో తిరిగింది. పగలగొట్టబాకండి” అన్నాడు. “దఫేదారు గారి ఆర్డరు ముత్యాలయ్యా, నేనేం చేసేది?” అన్నాను. ఇంకేదో కూడా చెప్పాడు గాని అది నీకు రాసేంత సంగతి కాదులే. చివరికి గొడ్డలి తనే తీసుకున్నాడు. వేరేవాళ్ళు కొడుతుంటే చూడలేనన్నాడు. నాలుగు రోజులు ఆ కట్టెలతోనే వంట చేశాను.

వెనక గది సంగతి. అన్నా, ఆ గదిలో పెట్టుకోవడానికి నేను సామాను కాదు. ఇక్కడ నెల్లూరు జట్కావాళ్ళు గుర్రం కోసం వచ్చి, చెప్పులు బయట విడిచి, “అమ్మా, ఈ పిల్లకు నడక ఎట్టుండాది?” అని నన్నడుగుతారు. మీ ఇంట్లో నన్నెవరు ఏమడుగుతారు? ఉప్పు సరిపోయిందా అని అడుగుతారు. వదిన మంచిదే. నాకు ఉన్నది ఈ తోట, ఈ గుర్రాలు. ఇవి పోతే నేను ఒకరి ఇంట్లో మనిషినే. ఈస్టరు నాటికి నువ్వే వచ్చి చూసుకో.

నీ చెల్లెలు
ఎలిశబెతు


పెరంబూరు, మద్రాసు
9 అక్టోబరు 1959

ఎలిశబెతుకు,

నా మాట విన్నందుకు సంతోషం. నలభై రెండేళ్ళలో ఇదే మొదటిసారి అనుకుంటాను, తేదీ రాసి పెట్టుకున్నాను.

దోనె ముప్పై ఏళ్ళు సముద్రంలో తిరిగిందా? తిరిగితే తిరిగింది, పింఛను ఇవ్వమంటాడా ఏం? ముత్యాలయ్యలాంటి వాళ్ళను చాలామందిని చూశాను. రెండేళ్ళు గుర్రం తోక పట్టుకుంటే చాలు, అశ్వశాస్త్రమంతా తమ చేతిలో ఉందనుకుంటారు. వాణ్ణి చనువుగా మాట్లాడనివ్వకు.

వెనక గదికి సున్నం వేయించాను. కంగారు పడకు, ఎలాగూ వేయించాల్సిందే.

సమాధానం


మైపాడు
21 నవంబరు 1959

అన్నా,

నయోమి పోయింది.

సోమవారం పొద్దున దాణా ముట్టలేదు. మాటిమాటికీ తల తిప్పి తన డొక్క వైపు చూసుకుంటోంది. కాలితో నేల గీరింది, పడుకుంది, లేచింది, మళ్ళీ పడుకుని పొర్లింది. ఒళ్ళంతా చెమట. ముత్యాలయ్య దాన్ని పొర్లనివ్వకుండా పగ్గం పట్టుకుని సరుగుడు తోపు చుట్టూ నడిపిస్తూనే ఉన్నాడు. అతని అరికాళ్ళు బొబ్బలెక్కాయి. ఆముదం పట్టించాం, వాము నీళ్ళు పట్టించాం. బుధవారం సాయంత్రం నా కాళ్ళ దగ్గరే కూలిపోయింది.

పదకొండేళ్ళుగా నా గొంతు వింటే తల ఎత్తేది. పిలుస్తూనే ఉన్నాను అన్నా, ఎత్తలేదు. చెప్పినవన్నీ చెప్పినట్టే చేశాను కదా, ఎందుకిలా అయింది? నీకు తెలిసి ఉంటే రాయి.

ఎలిశబెతు


పెరంబూరు, మద్రాసు
26 నవంబరు 1959

ఎలిశబెతూ,

నీకు చదువుంది గాని తెలివి లేదు. ఇంతవరకూ ఒక్క పూట కూడా దాణా మానని గుర్రం, దఫేదారు చెప్పిన పద్ధతిలో మేస్తున్న గుర్రం, మూడు రోజుల్లో పొర్లి పొర్లి చచ్చిందంటే దాన్ని ఏమంటారు? పసిపిల్లనడిగినా చెబుతుంది. మందు పెట్టారు.

ఎవరు పెట్టారో కూడా నేనే చెప్పాలా? ఎవడి దోనె పగలగొట్టించాం? ఎవడు కసి మీద ఉన్నాడు? దాణా ఎవడి చేతి మీదుగా పోతోంది? అరికాళ్ళకు బొబ్బలెక్కేదాకా తిప్పాడట! చేసినవాడు తిప్పకేం చేస్తాడు?

వాణ్ణి పంపించెయ్యి. గుట్టుగా కాదు, నలుగురి ముందూ కారణం చెప్పి పంపు. లేకపోతే రేపు ఇంకొకరి గొడ్డుకు పెడతాడు. ఈ ఒక్క మాట వినకపోతే ఇక నాకు ఉత్తరాలు రాయకు, నేరుగా పెట్టె సర్దుకుని రా.

సమాధానం


మైపాడు
8 డిసెంబరు 1959

అన్నా,

పంపించేశాను.

ఆదివారం ఆరాధన అయ్యాక మా వాళ్ళు, జాలర్ల పాలెం వాళ్ళు అందరూ రోడ్డు మీద ఉన్నప్పుడు చెప్పాను. “మా అన్న రాసినాడు, నువ్వు గుర్రానికి మందు పెట్టినావంట” అన్నాను. నాకు నోరు ఎలా వచ్చిందో తెలియదు. ముత్యాలయ్య చేతిలో ఉన్న పగ్గం నా చేతిలో పెట్టి, “చెప్పాల్సింది అప్పుడే చెప్పినా గదమ్మా” అన్నాడు. అంతే, వెళ్ళిపోయాడు.

అతని భార్య పేరమ్మ మాత్రం వెళ్ళలేదు. “మీ ఆయన మూడు నెలలు మంచాన పడుంటే ఎత్తి కూచోబెట్టి గంజి తాపింది ఈ చెయ్యే గదమ్మా. అప్పుడు కనపళ్ళేదా మందు?” అని అరిచింది. పగ్గం పట్టుకుని ఇంటికి నడిచాను.

తోటపల్లి గూడూరు నుంచి గంగులయ్య అనే అతన్ని పెట్టుకున్నాను. ఎడ్లు తోలిన మనిషి. గుర్రాన్ని కూడా “హై హై” అంటాడు. నేల ఊడ్చి, నీళ్ళు చల్లి, నీ పద్ధతి ప్రకారమే దాణా పోస్తున్నాడు.

ఎలిశబెతు


మైపాడు
19 జనవరి 1960

మహారాజశ్రీ దఫేదారు సమాధానం గారికి,

సౌలు నిన్న పోయింది. అదే నొప్పి, అదే చెమట, అదే పొర్లడం. ముత్యాలయ్యను పంపించి నలభై రోజులు దాటింది. మరి ఈసారి మందు ఎవరు పెట్టారంటారు? గంగులయ్యా? లేక నేనా?

పాతిపెట్టే ముందు పొట్ట చీల్చి చూడమన్నాను. దగ్గరే నిలబడ్డాను. పేగుల్లో ఏముందో తెలుసునా దఫేదారు గారూ? ఇసుక. మూడు చేటల ఇసుక. కడిగి ఎండబెడితే ఇల్లు కట్టుకునేవాళ్ళు పట్టుకుపోతారు, అంత మంచి ఇసుక. ఇంటికొచ్చి రూతు పేడ ఒక ముద్ద తీసి చెంబుడు నీళ్ళలో కలిపాను. తేరుకున్నాక చూస్తే అడుగున బొటనవేలు మందం ఇసుక దిగింది.

మీ పటాలం నేల గట్టినేల. ఇది మైపాడు. ఊడ్చినా ఇసుకే, నీళ్ళు చల్లినా ఇసుకే. పైపెచ్చు తడి ఇసుక గింజకు ఇంకా బాగా అంటుకుంటుంది. గుర్రాలు ఉలవలతో పాటు రోజుకు మూడు పూటలా, గడియారం ప్రకారం, ఇసుక మేశాయి. మందు పెట్టింది మీరు. కవరులో పెట్టి, స్టాంపు అంటించి పంపారు. నేను తీసి పోశాను.

ఇంకొకటి వినండి. దోనె పగలగొట్టిన రోజు ముత్యాలయ్య చెప్పినదాంట్లో సగం మీకు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. “ఇసక నేలమ్మా ఇది. గింజతో పాటు ఇసక లోపలికి పోతాది. కడుపులో ఇసక నిండితే గుర్రం బతకదు. అందుకే గదమ్మా అయ్యగారు దోనె తెమ్మన్నది” అన్నాడు. మీకెందుకు రాయలేదో తెలుసా? చేపలవాడి దగ్గర పాఠం నేర్చుకుని నాకే చెబుతావా అని మీరు నవ్వుతారని. మీ నవ్వుకు భయపడి రెండు గుర్రాలను చంపుకున్నాను. నయోమి పోయిన రోజు కూడా ఆ మాట గుర్తొచ్చింది. అయినా నోరు విప్పకుండా, ఆ మనిషినే వీధిలో నిలబెట్టాను. మిమ్మల్ని తిట్టడానికి మాటలు వెతుక్కుంటున్నాను గాని, నన్ను తిట్టుకోవడానికి వెతుక్కునే పని లేదు.

రూతు పొట్టలో ఇసుక ఉంది, పిల్ల ఉంది. ఏం చేయాలో మీకు నిజంగా తెలిస్తే రాయండి. తెలియకపోతే తెలియదని రాయండి. అది మీకు కొత్త గనక కాస్త కష్టంగా ఉంటుంది.

ఎలిశబెతు


పెరంబూరు, మద్రాసు
25 జనవరి 1960

ఎలిశబెతూ,

తోడబుట్టినవాడికి రాయాల్సిన ఉత్తరం కాదది. జయశీల చదివి నా మొహం చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఇరవై ఆరేళ్ళలో ఒక్క గుర్రం కడుపులోనూ ఇసుక చూడలేదు. చూడని దానికి నేనేం చేయను? అయినా నీ తృప్తి కోసం వేపేరిలో పింఛను తీసుకుంటున్న పశువుల డాక్టరు ఒకాయన దగ్గరికి వెళ్ళాను. సంగతంతా చెప్పాను. ఆయన ఊతకర్ర కింద పడేలా నవ్వాడు. “సముద్రపు ఒడ్డున నేల మీద దాణా పోయించిన ఆ ఘనుడెవరయ్యా?” అన్నాడు. ఎవరో తెలిసినవాళ్ళు అన్నాను. “ఆ తెలిసినవాళ్ళను మళ్ళీ గుర్రం దరిదాపులకు రానివ్వకు” అన్నాడు. ఆయన ఇచ్చిన కాఫీ తాగి వచ్చాను.

ఇస్పగోలు పొట్టు పార్సెలు పంపుతున్నాను. దాన్ని తవుడుతో, గోరువెచ్చని నీళ్ళతో జావలా కలిపి రోజుకు రెండుసార్లు తొట్టిలో పెట్టాలి. అది జిగటగా ఉబ్బి ఇసుకను కూడగట్టుకుని బయటికి తెస్తుందట. దాణా తగ్గించి పచ్చిగరిక కడిగి, చాప మీద వెయ్యాలి. నీళ్ళు దండిగా తాగించాలి. రోజూ పేడ నీళ్ళలో కలిపి చూడాలి.

ముత్యాలయ్యను మళ్ళీ రమ్మను. నేను చెప్పానని చెప్పు.

సమాధానం


మైపాడు
16 ఫిబ్రవరి 1960

అన్నా,

“నేను చెప్పానని చెప్పు” అట! నీ పేరు చెబితే ఈ పాలెంలో కుక్క కూడా తోక ఆడించదు ఇప్పుడు.

పార్సెలు అందింది. జావ కలిపి పెట్టాం. రూతు వాసన చూసి మొహం తిప్పుకుంది. గంగులయ్య ఎద్దుకు పోసినట్టు వెదురు గొట్టంతో పోయబోయాడు. భుజం కొరికింది. మూడు రోజులకు ఒక్క దోసెడు లోపలికి పోతే గొప్ప. డొక్క వైపు చూసుకోవడం మొదలుపెట్టింది. అది పుట్టినప్పటి నుంచీ ముత్యాలయ్య చేతిలో తప్ప మందు తాగలేదు.

అందుకని అతని ఇంటికి వెళ్ళాను. పేరమ్మ గుమ్మంలోనే ఆపింది. వాళ్ళు ఎలా ఉన్నారో అప్పుడు తెలిసింది. నేను రోడ్డు మీద ఆ మాట అన్నప్పటి నుంచీ పేరమ్మ గంప ఎత్తుకుని వెళితే “మందు పెట్టినోడి ఇంటి చేపలు మాకొద్దు” అంటున్నారట. ముత్యాలయ్యను వల లాగడానికి పిలుస్తారు గాని, కూడు తినేటప్పుడు దూరంగా కూర్చోమంటారట. నేను అక్కడే నిలబడి, తప్పు మాదేనని గట్టిగా చెప్పాను. పాలెం పెద్ద వెంకయ్య వచ్చి, “నువ్వు చెప్తే పోదమ్మా” అన్నాడు. ఇక్కడ కట్టుబాటు ఒకటుంది. మందు పెట్టాడని ఎవరు నింద వేశారో వాళ్ళే వచ్చి, పడవలు ఒడ్డుకు చేరే వేళ అందరి ముందూ నింద తప్పని చెప్పి, నింద పడినవాడి చేత్తో పెట్టిన అన్నం మూడు ముద్దలు తినాలి. అప్పుడే ఆ చెయ్యి శుభ్రమైనట్టు.

“గుర్రం కోసమన్నా రా ముత్యాలయ్యా” అని బతిమాలాను. “ఎట్ట వచ్చేదమ్మా? రేపు నా చేతిలో దానికేమన్నా అయితే ఇంక ఈ జన్మకి నా మాట ఎవురు నమ్ముతారు?” అన్నాడు. అంటూనే తల పక్కకు తిప్పుకుని, “పేడలో ఇసక ఎంత పడతా ఉండాది?” అని అడిగాడు. చెప్తే ఏడ్చాడు.

నింద వేసింది నువ్వు. రానూ పోనూ రెండు రోజుల పని. రా.

ఎలిశబెతు


పెరంబూరు, మద్రాసు
24 ఫిబ్రవరి 1960

ఎలిశబెతూ,

నాకు మోకాళ్ళ నొప్పి. సంఘ కమిటీ సమావేశాలున్నాయి. పెద్దవాడికి పరీక్షలు. ఈ ఎండల్లో అంతదూరం నా వల్ల కాదు.

నిజం చెప్పమంటే, వల్లయినా రాను. దఫేదారు ఒకడు ఇసుకలో గొంతుక్కూర్చుని చేపల గంపల మధ్య ముద్దలు తినాలా? అది కోర్టా, కచేరీనా? తప్పయిందని ఒప్పుకుంటూ మూడు వాక్యాలు వేరే కాగితం మీద రాసి, సంతకం చేసి, ఇందులో పెట్టాను. చదివి వినిపించు. పటాలంలో నా సంతకానికి గుర్రాలు కదిలేవి.

సమాధానం


మైపాడు
3 మార్చి 1960

సమాధానం గారికి,

మీ మూడు వాక్యాలు పాలెంలో చదివాను. వెంకయ్య మొత్తం విని, “అన్నం తినేది కాగితమా?” అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

నీ మోకాలికి నొప్పి లేదు. ఉన్నదంతా తలకాయలోనే. నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఇన్నాళ్ళూ నేనూ లెక్కపెట్టాను. ఇక పెట్టను. రూతు రెండు రోజులుగా నీళ్ళు కూడా సరిగా తాగడం లేదు. ఇంకో వారం ఆగితే తల్లీ పిల్లా ఇద్దరూ పోతారు. అప్పుడు ఒప్పందం ప్రకారం నేను మద్రాసు వస్తాననుకుంటున్నావేమో, రాను. ఈ ఊళ్ళోనే ఎవరి పొలంలోనైనా నాట్లు వేసుకుని బతుకుతాను, నీ గుమ్మం మాత్రం తొక్కను. నీకు చెల్లెలు ఉండేదని జయశీల వదిన పిల్లలకు చెప్పుకుంటుంది.

ఎలిశబెతు


పెరంబూరు, మద్రాసు
15 మార్చి 1960

చెల్లీ,

మైపాడు నుంచి ఇల్లు చేరాను. దారి పొడుగునా ఒళ్ళు చేపల వాసన కొట్టింది, రైల్లో ఒకడు లేచి వేరే పెట్టెలోకి వెళ్ళాడు. వెళ్ళనీ.

ఆ రోజు పడవల దగ్గర నువ్వు ఆడవాళ్ళ వెనక ఎక్కడో నిలబడ్డావు. నీకు అన్నీ కనపడి ఉండవు. తప్పు నాదేనని చెప్పడానికి నోరు తెరిస్తే గాలికి గొంతు నాకే వినపళ్ళేదు. పేరమ్మ గంప దించి, “గట్టిగా చెప్పయ్యా! మందు పెట్టినాడని చెప్పేటప్పుడు మైపాడంతా ఇనపడిందే” అంది. అనడమే కాదు, మూడుసార్లు చెప్పించింది. మూడోసారికి పడవల్లో ఉన్నవాళ్ళు కూడా తలలు తిప్పారు. ఇరవై ఆరేళ్ళు కవాతు మైదానంలో అరిచాను. అంత కష్టమైన అరుపు ఎప్పుడూ అరవలేదు.

తరవాత ముత్యాలయ్య కుండలోంచి అన్నం, చేపల పులుసు కలిపి నా చేతిలో ముద్ద పెట్టాడు. ఇప్పుడు రాసేది నీకు తప్ప ఎవరికీ చెప్పను. ఆ ముద్ద చేతిలోకి వచ్చాక నాకు భయం వేసింది ఎలిశబెతూ. నిజంగానే మందు పెట్టాడేమో అని. పెట్టడానికి ఇప్పుడు కారణం ఉంది కదా! వాడి దోనె కాల్పించాను, వాడి కూడు తీశాను, వాడి పెళ్ళాన్ని వీధుల్లో తిప్పించాను. వాడి చోట నేనుంటే పెట్టేవాణ్ణి. అది తెలిసే భయం వేసింది. లేనిపోని మందు పుట్టించింది నేను, దానికి వణికింది కూడా నేనే. కళ్ళు మూసుకుని మింగాను. పేరమ్మ నా మొహంలోకే చూస్తోంది.

రెండో ముద్దకు ఒక తమాషా జరిగింది. ముత్యాలయ్య అన్నం కలిపి నాకిచ్చేలోపు, అందులోంచే కాస్త తీసి గబుక్కున తన నోట్లో వేసుకున్నాడు. అంత పెద్ద విషయం జరుగుతుంటే ఆకలి ఆపుకోలేకపోయాడు మనిషి. ఎంతైనా మొరటువాడు కదా అనుకున్నాను. నవ్వు కూడా వచ్చింది. ఆ నవ్వుతోనే మిగతా రెండూ తినేశాను.

రూతు సంగతి వెంటనే రాయి. వెనక గదిలో పిల్లల పుస్తకాలు పెట్టించాను.

అన్న


మైపాడు
2 ఏప్రిల్ 1960

అన్నా,

రూతు నిన్న తెల్లవారాక ఈనింది. ఆడపిల్ల. నుదుట తెల్లమచ్చ. గంటలో లేచి నిలబడింది, రెండుసార్లు పడింది, మూడోసారి తల్లి పొదుగు దొరకబుచ్చుకుంది. ముత్యాలయ్య పదిహేను రోజులు దాని మెడ కౌగిలించుకుని జావ తాగించాడు. ఇప్పుడు పేడ నీళ్ళలో కలిపితే అడుగున ఏమీ దిగడం లేదు. పేరమ్మ గంప పదిగంటలకే ఖాళీ అవుతోంది. ఈస్టరుకు ఇంకా పదిహేను రోజులుంది. కావాలంటే వచ్చి చూసుకో. నేను ఇక్కడే ఉంటాను.

నువ్వు తమాషా అని రాశావే, ఆ సంగతి పేరమ్మను అడిగాను. నింద పడినవాడు ఆ అన్నం ముట్టకూడదట. ముడితే కట్టుబాటు తప్పినట్టే. అది ముత్యాలయ్యకు తెలుసు. ఆ పూట ఇంటికెళ్ళాక పేరమ్మ తిట్టిపోస్తే, “ఆయన చెయ్యి వణకతా ఉండాది మే. నేను ముందు తింటే గాని తినలేడు, నలుగుర్లో నగుబాటు అవుతాడు” అన్నాడట.

వెంకయ్య, మిగతా పెద్దలు అతన్ని పిలిపించి అందరి ముందూ చీవాట్లు పెట్టారు. తలవంచుకుని పడ్డాడు. ఎందుకు తిన్నావని ఎంత అడిగినా నీ పేరు ఎత్తలేదు. ఆకలేసింది అన్నాడు.

ఎలిశబెతు